ఏడో వరుస

అత్తగారు తలుపు వేసుకుని ఇది రెండో పూట.

నిన్న రాత్రి భోజనానికి రాలేదు. పొద్దున గుమ్మం ముందు పెట్టిన టీ పెట్టినచోటే ఉంది. కోడలు ఆ కప్పు తీసి, ఇంకో కప్పు పెట్టి, తలుపు మీద వేలితో తట్టింది.

“అత్తయ్యా, వేడిగా ఉంది. తాగండి.”

లోపల్నుంచి కాగితాలు చింపుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. తొందర లేకుండా, ఒక్కొక్కటే చింపుతోంది పెద్దావిడ.

భర్త తల తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని అతనిది. ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ, ఇంట్లో సంగతి చెయ్యి పట్టుకుని చూపిస్తే తప్ప అతనికి కనబడదు.

“ఏమన్నావు మా అమ్మని?”

“ఏమీ అనలేదు. చదివి వినిపించాను.”

“ఏం చదివావు?”

“షిఫ్టు పుస్తకంలో గురువారం పేజీ. ఫోనులో ఫోటో తీసుకొచ్చాను. మొదట్నుంచీ చదివాను. ఏడో వరుస దగ్గరికొచ్చేసరికి ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయారు.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?” అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నాడు. కాలింది నిజంగానే చెయ్యి. ఆ మాట ఆ ఇంట్లో రెండు రోజులుగా ఎవరూ ఎత్తడం లేదు.

కోడలు పనిచేసేది పెద్ద లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు బండ్లకొద్దీ వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, వేడి రోలర్ల కింద ఇస్త్రీ చేసి పంపాలి. మడతల బల్ల దగ్గర చేరి, పన్నెండేళ్ళు అరిగి, రెండేళ్ళ కిందట పొద్దుటి షిఫ్టుకి ఇన్‌ఛార్జి అయింది. ఏ మిషను ఎందుకు మూలుగుతోందో గోడ అవతల నుంచే చెప్పగలదు. కలం చేతికిస్తే మాత్రం చెమటలు పట్టేవి.

ఇన్‌ఛార్జి అన్నాక రాయక తప్పదు. సాయంత్రం షిఫ్టు వాళ్ళని తెచ్చిన వ్యానులోనే పొద్దుటి షిఫ్టు వాళ్ళు వెళ్ళిపోవాలి. వాళ్ళు దిగుతుంటే వీళ్ళు ఎక్కుతారు. మెట్ల మీద భుజాలు రాసుకోవడమే తప్ప కూర్చుని చెప్పుకునే తీరిక ఉండదు. ఏ మిషను ఎలా ఉందో, ఏ జాగ్రత్త పడాలో చెప్పేది ఒక్క షిఫ్టు పుస్తకమే.

ఇంట్లో అత్తగారు ముప్పై ఏళ్ళు ఒక ఆఫీసులో స్టెనోగా చేసి వచ్చిన మనిషి. వీధి వీధంతా స్టెనోగారనే పిలుస్తారు. “దిగులెందుకే అమ్మాయ్, నేను లేనూ?” అంది. అప్పట్నుంచి రోజూ రెండుంబావుకి కోడలు ఫోను చేసి జరిగింది చెప్పేది. అత్తగారు దాన్ని వాక్యాలుగా కట్టి ఒక్కొక్క ముక్కే చెప్పేది. కోడలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేది. ఆ రాత చూసి మేనేజరు ముగ్ధుడైపోయాడు. ఒక పేజీ కాపీ తీయించి, “రాస్తే ఇలా రాయాలి” అని తన గది గోడకు అంటించాడు.

గురువారం పేజీలో ఏడో వరుస ఇది: “రెండవ రోలరు నందలి రక్షణ కడ్డీ పనితీరు కొంత అసంతృప్తికరముగా ఉన్నట్లు గమనించడమైనది. వీలు వెంబడి తగు శ్రద్ధ వహించగలరని మనవి.”

రక్షణ కడ్డీ అంటే రోలరు ముందుండే బారు. చెయ్యి దానికి తగిలితే రోలరు టక్కున ఆగాలి. గురువారం సాయంత్రం ఆగలేదు. రోలరు మీద పనిచేసే ఆవిడని అందరూ వసపిట్ట అంటారు, నోరు ఊరుకోదు కాబట్టి. ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది. ఏ ఆసుపత్రి దుప్పట్లకి ఇస్త్రీ చేస్తోందో అదే ఆసుపత్రిలో, అవే దుప్పట్ల మీద పడుకుని ఉంది. మాట్లాడటం లేదట.

“జరిగిందేంటో ఇవాళ మేనేజరుకి రాసివ్వాలిగా?” అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

“మూడింటికల్లా.”

“ఏం రాస్తావు?”

“తెలీదు.”

“తెలీకపోవడమేంటి? నువ్వు పుస్తకంలో రాశావు. సాయంత్రం ఇన్‌ఛార్జి చదవలేదు. చదవనివాడిది తప్పా, రాసినవాళ్ళది తప్పా?”

“చదివితే మాత్రం ఏం తెలుస్తుందండీ? ఇదిగో, ఫోటోలో ఆ వరుస చదవండి. మీకేమైనా భయమేస్తోందా?”

భర్త చదివి, ఫోను తిరిగిచ్చి, తువ్వాలు కుర్చీ మీద ఆరేశాడు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వేం రాసినా సరే, మా అమ్మ ఊసు మాత్రం ఎత్తకు. ఆ రాత తప్ప ఆవిడకి ఇంకేముంది చెప్పు? ముప్పై ఏళ్ళు దాని మీదే తలెత్తుకు తిరిగింది. ఇప్పుడు ఆ రాత వల్ల ఒక మనిషి చెయ్యి కాలిందని ఊరంతా అంటే బతకలేదు. నాకు మాటివ్వు.”

అతను ఎప్పుడూ దేనికీ బతిమాలే మనిషి కాదు. ఆమెకి అలసటగా అనిపించింది. కాదనడానికి కూడా కొంత ఓపిక కావాలి.

“సరే. ఎత్తను,” అంది.

అప్పుడు తలుపు అవతల నుంచి గొంతు వచ్చింది. చింపడం ఆగింది.

“ఆ వాక్యంలో తప్పెక్కడుందో చూపించమను.”

“తప్పు లేదత్తయ్యా.”

“మరి? ఎవరినీ నొప్పించలేదు, పైవాళ్ళని వేలెత్తి చూపలేదు. ఇన్నేళ్ళలో నా కాగితం ఒక్కటి వెనక్కి రాలేదు. నిన్న కూర్చోబెట్టి బడిపిల్లకి చెప్పినట్టు చదివి వినిపిస్తావా నాకు?”

“అందులో భయం లేదత్తయ్యా. నేను ఎంత భయపడి చెప్పానో ఆ భయం అందులో లేదు.”

“ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే,” అంది పెద్దావిడ. ఆ తర్వాత మళ్ళీ కాగితాల చప్పుడు మొదలైంది.

కోడలు సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరింది. రెండో కప్పు కూడా చల్లారిపోతోందని తెలుసు. మూడోది పెట్టే ఓపిక లేకపోయింది.

*

లాండ్రీలో రెండో రోలరుకి ఎర్ర గుడ్డ చుట్టి, ఎవరో పెద్ద అట్టముక్క వేలాడదీశారు. “ముట్టుకోవద్దు.” రెండే మాటలు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. తుడిచే ఆవిడ రాసిందట. కోడలు దాని ముందు కాసేపు నిలబడింది. గురువారం ఈ రెండు మాటలు రాసి తగిలించడానికి తన దగ్గర అట్టముక్క లేకనా? పుస్తకం ఉంది కదా అనుకుంది. రాశాను కదా అనుకుంది. ఆ ధీమాయే కొంప ముంచింది.

మేనేజరు గది బయట బల్ల మీద సాయంత్రం ఇన్‌ఛార్జి కూర్చుని ఉన్నాడు. పెద్దవాడు. ఆమె మడతల బల్ల దగ్గర చేరిన రోజు దుప్పటి నాలుగు మూలలు ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే. ఇవాళ విచారణకని పొద్దున్నే రమ్మన్నారు. అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

“తిన్నారా బాబాయ్?”

“ఏం తింటాం అమ్మాయ్, కూర్చో.”

కూర్చుంది. ఇద్దరూ ఎదుటి గోడ చూస్తూ కూర్చున్నారు. లోపల ఉతికే మిషన్లు తిరుగుతున్న చప్పుడుకి బల్ల సన్నగా వణుకుతోంది.

“ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి,” అంది. “గురువారం పేజీ చదివారా?”

“చదివాను.”

ఆమె తిరిగి చూసింది.

“నాలుగు వరుసలు చదివాను,” అన్నాడాయన. “దుప్పట్ల లెక్క, సబ్బు పొడి నిల్వ, ఎవరో వచ్చి చూసి సంతోషించారని. నీ రాత చదవాలంటే నాకు బెరుకమ్మా. పరీక్ష పేపరు చూసినట్టుంటుంది. అంత పొందిగ్గా రాశారంటే అన్నీ పొందిగ్గానే ఉండుంటాయిలే అనుకునేవాణ్ణి. మునుపు నువ్వు ఇన్‌ఛార్జి కాకముందు, గుర్తుందా, ఒకసారి ఆవిరి గొట్టం పగిలితే పరిగెత్తుకుంటూ వచ్చి నా చొక్కా పట్టుకుని లాగేశావు. అది బాగా అర్థమైంది నాకు.”

“వ్యాను మెట్ల మీద చెప్పాను కదా, పుస్తకంలో రాశానని.”

“చెప్పావు. ఏం రాశావో చెప్పలేదు. చూస్తాలే అన్నాను. నాదే తప్పు.” క్యారేజీ మూత ఒకసారి తీసి, మళ్ళీ పెట్టాడు. “వసపిట్ట అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది. ఇంక ఆవిడ మాట్లాడటం లేదంటున్నారు. ఆ నోరు ఊరుకోదు కదమ్మా. ఎలా ఊరుకుంటుంది?”

ఆమె క్యారేజీ మూత సరిగ్గా నొక్కి పెట్టింది.

మేనేజరు పిలిచాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, బల్ల మీద కాగితాలు వరసగా. ఎదురుగా గోడ మీద ఆమె పేజీ.

“కూర్చోండమ్మా. మీ ముఖం అలా వాడిపోయిందేంటి? మీ వైపు నుంచి ఏ లోపం లేదు. పుస్తకం ఉంది, తారీకు ఉంది, మీ సంతకం ఉంది. ఆయన చదవలేదు. ఆ సంగతే మీ ధోరణిలో ఒక పేజీ రాసివ్వండి. మూడింటికి పైవాళ్ళకి పంపించాలి.”

“పంపితే ఆయన్నేం చేస్తారు సార్?”

“చదవాల్సింది చదవని మనిషిని ఏం చేస్తారో అదే చేస్తారు. అది మన చేతిలో లేదు.”

“ఆయనకింక రెండేళ్ళే సర్వీసుంది.”

“చూడండి,” అన్నాడు మేనేజరు, విసుగు కనబడనివ్వకుండా. ఆయనకూ రెండు రోజులుగా నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి. “ఎవరో ఒకరి పొరపాటని తేలాలి. లేకపోతే లాండ్రీ అంతటిదీ అంటారు. ఇంకో మాట. వచ్చే వారం అన్ని షిఫ్టుల ఇన్‌ఛార్జిలకీ రాత మీద క్లాసు పెడుతున్నాం. ఇలాంటివి మళ్ళీ జరగకూడదు కదా. చెప్పేది మీరే.”

“నేనా?”

“మీరు కాకపోతే ఎవరు?” అని గోడ వైపు చూపించాడు.

*

దుప్పట్ల గదిలో ఒక మూల చిన్న బల్ల ఉంది. అక్కడ కూర్చుంది, తెల్ల కాగితం ముందు పెట్టుకుని. చుట్టూ మడతపెట్టిన దుప్పట్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆ గదిలో చప్పుడు తక్కువ. రోజూ అత్తగారికి ఫోను చేసేది ఇక్కడ్నుంచే.

పన్నెండున్నరకి కూర్చున్న మనిషి, ఒంటిగంట దాకా తారీకు మాత్రం రాసింది. రెండింటి దాకా తారీకు కింద గీత గీసింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మేనేజరు చెప్పినట్టు రాస్తే బాబాయ్ రోడ్డున పడతాడు. జరిగింది జరిగినట్టు రాస్తే తన ఇన్‌ఛార్జి పని పోతుంది, అత్తగారి పరువూ పోతుంది. భర్తకిచ్చిన మాట అలా ఉండనే ఉంది. అయినా రాయడమంటూ వస్తే కదా.

రెండుంబావుకి ఫోను మోగింది. ఇంటి నంబరు.

రెండేళ్ళలో అటునుంచి ఫోను రావడం ఇదే మొదటిసారి.

“అత్తయ్యా? టీ తాగారా?”

“రాసుకో,” అంది అత్తగారు. గొంతు మామూలుగానే ఉంది, కొంచెం బొంగురు పోయింది. “గౌరవనీయులైన మేనేజరు గారి సముఖమునకు. రాశావా?”

చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది. “రాశాను.”

“గురువారం నాడు సదరు రోలరు విషయమును సకాలములో పుస్తకమునందు నమోదు చేసియున్నప్పటికీ, సంబంధిత వ్యక్తి...”

ఆగింది. కోడలు కలం ఎత్తి పట్టుకుని చూసింది. ఫోనులో ఊపిరి వినబడుతోంది.

“సంబంధిత వ్యక్తి... తర్వాత అత్తయ్యా?”

“అన్నీ చించేశానే అమ్మాయ్,” అంది అత్తగారు.

“ఏవి?”

“రెండేళ్ళవీ. నువ్వు ఫోనులో ఏం చెబితే అది ముందు షార్ట్‌హ్యాండులో గీసుకునేదాన్ని. నోట్లోంచి మాట ఊడిపడటం, నేను గీసుకోవడం. అదే కదా నాకొచ్చిన విద్య. తర్వాత తీరుబడిగా వాక్యం కట్టి నీకు చెప్పేదాన్ని. పొద్దున్నుంచీ ఆ కాగితాలన్నీ చించాను. గురువారానిది చించబోతూ చదివాను.”

కోడలు కలం కింద పెట్టింది. “ఏముంది అందులో?”

కాగితం గరగరమంది. అత్తగారు చదివింది. తన గొంతులో కాదు, కోడలి గొంతులో ఆ రోజు ఎలా వచ్చిందో అలా, తొందర తొందరగా, రొప్పుతూ.

“అత్తయ్యా, రెండో రోలరు బారు ఆగట్లేదు. చెయ్యి పోతుంది. ఎవరినీ దగ్గరికి వెళ్ళనివ్వద్దని రాయించండి. మిషను కట్టేసే ఉంచమనండి. ఇదే ముందు రాయించండి అత్తయ్యా, మిగతావన్నీ తర్వాత.”

కోడలికి ఆ రోజు తను అలా చెప్పినట్టు గుర్తే లేదు. రెండేళ్ళలో తన మాటలు తనకి వినబడటం మానేశాయి.

“ముందు రాయించమన్నావు,” అంది అత్తగారు. “నేను దాన్ని ఏడోది చేశాను. మొదట మంచి మాట, తర్వాతే లోటు, అదీ పద్ధతి. నువ్వు అరిచినట్టు చెప్పావు. అరుపు మర్యాద కాదని నేనే తీసేశాను.”

“మీరు నా మంచికే చేశారత్తయ్యా. నేనైనా రాసేటప్పుడు ఆలోచించానా? నా కళ్ళతో బారు చూసినదాన్ని నేను. మీరు చెప్పింది చెప్పినట్టు దింపేశాను.”

“ఆవిడకి పిల్లలున్నారా?”

“ఇద్దరు.”

అత్తగారు ఏడుస్తోందో లేదో తెలియలేదు. ఏడ్చినా వినబడనివ్వని మనిషి.

“ఇది ఒక్కటీ చించలేదు,” అంది చివరికి. “కానీ ఈ గీతలు నేను తప్ప ఎవరూ చదవలేరు. నీకు ఏం చెప్పి రాయించాలో నాకు తెలియడం లేదే అమ్మాయ్. ఈసారికి నువ్వే రాసుకో.”

ఫోను పెట్టేసింది.

గోడ గడియారంలో రెండున్నర. కోడలు “గౌరవనీయులైన” అన్న కాగితం మడిచి పక్కన పడేసి, ఇంకోటి తీసుకుంది. కళ్ళు తుడుచుకుంది. ఈసారి బాబాయ్ చొక్కా పట్టుకుని లాగిన రోజు గుర్తు తెచ్చుకుని రాసింది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. పది నిమిషాలు కూడా పట్టలేదు.

*

మేనేజరు నిలబడే చదివాడు.

“గురువారం ఒంటిగంటకి రెండో రోలరు బారు పనిచేయడం లేదని చూశాను. చెయ్యి పోతుందని నాకు తెలుసు. మిషను ఆపాను. బోర్డు పెట్టలేదు. నోటితో ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో ఏడో వరుసలో రాశాను. ఆ పేజీ మొత్తంలో ప్రమాదం అన్న మాట లేదు. సాయంత్రం ఇన్‌ఛార్జి చివరిదాకా చదివినా ఆయనకి తెలిసేది కాదు. ఆయన మీద వేయాల్సిన తప్పు కంటే నా మీద వేయాల్సింది ఎక్కువ.”

ఒకసారి చదివి, కూర్చుని మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎవరు చెప్పి రాయించారమ్మా ఇది?”

“సార్?”

“ఇది మీ రాత కాదు. నాకు తెలియదా? రెండేళ్ళుగా చదువుతున్నాను. మీరు ఇలా టపాటపా రాయరు. బయట కూర్చున్న ఆయన బతిమాలాడా? పొద్దున బల్ల మీద ఇద్దరూ మాట్లాడుకోవడం చూశాను.”

రెండేళ్ళుగా ఆమె భయపడింది ఈ ప్రశ్నకే. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు పుస్తకం తెరిచి, ఇది నీ రాత కాదు అంటారని ఎన్ని మధ్యాహ్నాలు గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చుందో. తీరా ఆ మాట ఇవాళ, ఈ కాగితం మీద పడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“ఎవరూ రాయించలేదు సార్,” అంది. “ఇదొక్కటే నేను రాసింది.”

మేనేజరు ఆమె ముఖంలోకి చూశాడు. లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. అంటించిన పేజీని ఒక మూల నుంచి జాగ్రత్తగా ఊడదీసి, తెచ్చి, ఆమె రాసిన కాగితం పక్కన పెట్టాడు.

“చేతిరాత రెండింటిదీ మీదే,” అన్నాడు. “ఈ గోడ మీది పేజీలో మాటలు మీవి కాకపోతే, మరి ఎవరివి?”

గేటు దగ్గర వ్యాను హారను మోగింది. తలుపు అవతల సాయంత్రం ఇన్‌ఛార్జి బల్ల మీంచి లేచిన చప్పుడు వినబడింది. అత్తగారి ఊసు ఎత్తనని పొద్దున భర్తకి మాటిచ్చి ఉంది.

మేనేజరు కలం మూత తీసి, తెల్ల కాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు.

“పేరు చెప్పండి. రాసుకుంటాను.”